అత్తమ్మ విన్న కొత్త నవల

మా పక్కింటి అక్క పట్నంలో పుస్తకాల ప్రదర్శనకు వెళ్లి రెండు కొత్త పుస్తకాలు తెచ్చింది. ఒకటి నవల, ఇంకోటి ఒక నర్సు రాసుకున్న తన జీవితం. ముందు నవల నాకిచ్చింది. నేను చదివింది ఐదో తరగతే. పైకి చదివితే తప్ప నాకు అర్థం కాదు. అందుకే అత్తమ్మ కంటబడకుండా పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని చదువుకుంటున్నాను.

ఈ రోజు నవలలో అమ్మాయి ఇల్లు వదిలి బస్టాండుకు చేరింది. బస్సు కదలబోతుండగా మా ఆయన అన్నానికి వచ్చాడు. వడ్డిస్తున్నా నా మనసు బస్టాండులోనే ఉంది. పప్పు వేయకుండానే మజ్జిగ పోశాను.

ఆయన వెళ్లగానే అత్తమ్మ పిలిచింది. తిట్లు తప్పవనుకుని తలవంచుకుని నిలబడ్డాను.

"గా పోరి బస్సెక్కిందా, లేదా?"

"ఏ పోరి అత్తమ్మా?"

"ఏ పోరి అంటవేందే? మొన్నటి సంది కిటికీల కూసొని ఇంటున్న. ఇయ్యాల నడుమ ఆపినవ్, నాకు బువ్వ తినబుద్ధైతలేదు. జల్దీ సదువు."

ఆమె ఎదురుగా కూర్చుని చదివాను. అమ్మాయి బస్సెక్కింది. పక్క సీటులో ఆమె ప్రేమించిన అబ్బాయి ఉన్నాడు, చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాతిది అత్తమ్మ ముందు పైకి చదవలేక మెల్లగా పేజీ తిప్పేశాను.

"ఏందే, కాగితం సప్పుడైంది గని మాట రాలే?" అంది అత్తమ్మ.

అత్తగారి ముందు పైకి చదవగలిగే కొత్త పుస్తకాలు ఏమైనా ఉంటే చెప్పండి. ఆ నర్సు పుస్తకం ఎలా ఉంటుందో మరి. నేనైతే అత్తమ్మ షామీర్‌పేట అంగడికి ఎప్పుడు వెళ్తుందా అని చూస్తున్నాను. ఆ పేజీ నేనూ చదవలేదు.