బ్రేకు మీద కాలు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నన్ను నర్సీపట్నం యూనిట్ ఆఫీసుకి బదిలీ చేసింది కోవిడ్ సద్దుమణిగిన తర్వాతి ఏడాది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. మా అత్తవారి ఊరు నాతవరం దాటాక ఉంది కాబట్టి ఇంట్లో సంబరపడ్డారు. నేను పడలేదు. చుట్టాలున్న చోట తనిఖీ ఉద్యోగమంత తలనొప్పి ఇంకోటి లేదు.

మా పనంటే లైసెన్సులివ్వడం, బళ్లు ఆపడం అనే అందరూ అనుకుంటారు. ప్రమాదానికి గురైన బండిని పరీక్షించి పోలీసులకి రిపోర్టివ్వడం కూడా మా పనే. బ్రేకు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూస్తాం. అన్నీ బాగుంటే 'యాంత్రిక లోపం ప్రమాదానికి కారణం కాదు' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడతాం. ఆ వాక్యం పడిందంటే తప్పంతా డ్రైవరు నెత్తిన పడ్డట్టే. చాలామంది ఇన్‌స్పెక్టర్లు దాన్ని టీ తాగుతూ రాసేస్తారు.

ఆ డిసెంబరులో వరలక్ష్మి టీచరు గారి కారు పోలీసు స్టేషను ఆవరణకి చేరింది. ఆవిడ నర్సీపట్నం నుంచి నాతవరం అవతల హైస్కూలుకి రోజూ తనే కారు నడుపుకుంటూ వెళ్లేవారు. సరిగ్గా మా అత్తవారి ఊరి మలుపులో అప్పలస్వామి అనే కూలీని గుద్ది, కల్వర్టు గోడకి కొట్టుకున్నారు. అప్పలస్వామి అక్కడికక్కడే పోయాడు. ఆడమనిషి, బ్రేకనుకుని యాక్సిలేటర్ తొక్కేసిందని ఊరంతా ఒకటే మాట. చూసినవాడూ అదే, చూడనివాడూ అదే. ఎస్సై కూడా అదే రాసుకున్నాడు. నేరం రుజువైతే ఆవిడకి శిక్షతో పాటు ఉద్యోగమూ ఊడుతుంది.

ప్రమాదం జరిగింది మా అత్తవారి ఊళ్లో కాబట్టి ఈ తనిఖీ ఇంకొకరికి ఇమ్మని పై అధికారికి రాసిచ్చాను. ఇంకో ఇన్‌స్పెక్టరు లేడు, కానిచ్చేయమన్నారు.

బ్రేకులు చూశాను. వంక పెట్టడానికి లేదు. ఇక నా ఒక్క వాక్యం రాయడమే తరువాయి. అంతలో ఆవిడే ఆఫీసుకొచ్చారు, చేతికి కట్టుతో, దాన్ని మెడకి వేలాడేసుకుని. బ్రేకే తొక్కానని, అయినా బండి ఆగలేదని, మలుపులో మనిషి కనిపించాక ఇంకేదీ గుర్తు లేదని చెప్పి, నేల చూపులు చూస్తూ ఇంకో మాటన్నారు.

"ఇంతమంది చెప్తంటే నాకూ అనుమానం వస్తందండి. నేనే తప్పు తొక్కేనేమో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు. చదువు చెప్పే మనిషి చేత తన కాలిని తనే నమ్మకుండా చేసిన ఆ ఊరి మీద.

ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ముందు సీట్ల మధ్య, గేరు రాడ్డు దగ్గర కవరు కింద, ఒక చిన్న అల్యూమినియం పెట్టె ఉంటుంది. బ్యాగు ఎప్పుడు విచ్చుకోవాలో నిర్ణయించేది అదే. చాలా మోడళ్లలో అది ఇంకో పని కూడా చేస్తుంది. గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్లపాటు బండి వేగమెంత, యాక్సిలేటర్ ఎంత నొక్కారు, బ్రేకు పడిందా లేదా అన్నది దాచుకుంటుంది. బ్యాగు విచ్చుకుంటే ఆ రికార్డుకి తాళం పడిపోతుంది, ఇంక ఎవరూ చెరపలేరు. ఆవిడ కారులో రెండు బ్యాగులూ విచ్చుకున్నాయి.

ఇది చెప్తే పై అధికారి చిరాకు పడ్డారు. మన ఫార్మాటులో లేని పని మనకెందుకన్నారు. ఫార్మాటు చివర 'ఇతర పరిశీలనలు' అని ఖాళీ ఉంది కదండీ, అది పూరించడానికేనన్నాను. నా సర్వీసులో ఆ ఖాళీని పూరించినవాణ్ణి నేను చూడలేదు. సరే, మొదటివాణ్ణి నేనే అవుతాననుకున్నాను.

కారు కేసులో ఆస్తి కాబట్టి దానిమీద చెయ్యి వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. ఎస్సై వెంటపడి అది తెప్పించాను. విశాఖ నుంచి టెక్నీషియను వచ్చాడు. సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ఎదుట ముందు బ్యాటరీ తీగ విప్పి, పెట్టెలో మిగిలిన కరెంటు దిగేదాకా ఆగి, అప్పుడు దాన్ని ఊడదీశాడు. బల్లమీద పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలించాడు.

యాక్సిలేటర్ సున్నా. బ్రేకు పడింది. గుద్దుకోవడానికి ముందు రెండు సెకన్లూ బ్రేకు పడే ఉంది.

నేను ఊపిరి పీల్చుకునేలోగా ఎస్సై వేగం గడి మీద వేలు పెట్టాడు. బ్రేకు పడ్డప్పుడు యాభై నాలుగు, గోడకి తగిలినప్పుడు నలభై. రెండు సెకన్లు తొక్కితే ఇంతేనా తగ్గేది, గట్టిగా తొక్కలేదన్నమాట అన్నాడు. మాట సబబే. ఆ వేగంలో పొడి తారు మీద గట్టిగా తొక్కితే బండి దాదాపు నిలబడిపోవాలి. కానీ పక్క గడిలో ఏబీఎస్ పనిచేసినట్టుంది. చక్రం పట్టేసి జారబోతుంటే బ్రేకుని వదిలి పట్టే ఏర్పాటు అది. పొడి రోడ్డు మీద అది లేవాలంటే చాలా గట్టిగా తొక్కాలి, అంత గట్టిగా తొక్కితే వేగం ఇంకా తగ్గాలి. తగ్గలేదంటే కింద జారేదేదో ఉంది. ఆరోజు వాన లేదు.

కారు కిందకి దూరాను. ఇంజను కింద ప్లాస్టిక్ కవరు విప్పించేసరికి వడ్లు జలజలా రాలాయి.

మా వైపు కోతలయ్యాక కళ్లం కంటే తారు రోడ్డే మేలనుకుంటారు. తొందరగా ఆరుతుందని సగం రోడ్డు మీద ధాన్యం పోసి, అంచున రాళ్లు పేర్చి, ఎవరో ఒకరు కాళ్లతో దున్నుతుంటారు. బళ్లే పక్కనుంచి పోవాలి. మలుపులో సగం రోడ్డు ధాన్యమైతే ఎదురుగా వచ్చే బండికి దారేదని ఎవడూ అడగడు. అప్పలస్వామి రోడ్డు పక్కన నడిచి వెళ్తున్నాడని ఊళ్లోవాళ్లు పోలీసులకి చెప్పారు. అబద్ధం. ధాన్యం దున్నుతున్నాడు. పోలీసులొచ్చేలోపు వడ్లు ఊడ్చేశారు, రాళ్లు తీసేశారు. తారు పగుళ్లలో ఇరుక్కున్నవి మాత్రం ఊడ్చలేకపోయారు. ఎస్సైని తీసుకెళ్లి, వంగి, గోటితో తీసి చూపించాను.

ఆ సాయంత్రమే మా బావమరిది సత్తిబాబు ఇంటికొచ్చాడు. వాడి ముఖం చూడగానే ఆ ధాన్యం ఎవరిదో అర్థమైంది. కారు నడిపింది ఆవిడ, చచ్చింది కూలీ, మధ్యలో వడ్లెందుకు బావా, ఆ ఒక్కటీ రాయకు అని బతిమాలాడు. రాస్తానన్నాను. చుట్టరికం గుర్తు చేశాడు. చుట్టరికం ఉందని ముందే రాసిచ్చాను, అయినా నన్నే చూడమన్నది మా ఆఫీసు అన్నాను. వాడు గొంతు పెంచాడు. నేనూ తగ్గలేదు.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి నిలబడింది. వాడికంటే పెద్దది.

"మన వడ్లు దున్నుతా పోయేడ్రా అప్పలసామి. ఆడి పెళ్లాం మొహం సూసేవా? స్టేషనుకెళ్లి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

సత్తిబాబు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మా ఆవిడ స్టేషనుకి వెళ్లి వచ్చింది. నేను తోడు వెళ్లలేదు, రిపోర్టు రాసేవాడు వెళ్లకూడదు.

'ఇతర పరిశీలనలు' దగ్గర చోటు చాలక అదనపు కాగితం జత చేశాను. చేర్చిన మాటలు తీసేయమని పైనుంచి ఒకసారి ఫోనొచ్చింది. ఆ మాటే కాగితం మీద రాసి పంపమన్నాను. రాసి పంపలేదు. టీచరు గారి మీద కేసు నిలవలేదు. ఛార్జిషీటులో సత్తిబాబు పేరెక్కింది. ఆ తర్వాత వాడు మా గుమ్మం తొక్కలేదు. ఆ ఊళ్లో పెళ్లిళ్లకి మమ్మల్ని పిలవడం మానేశారు. మానుకోనీ.

రిపోర్టు వెళ్లాక టీచరు గారు వచ్చారు. అమ్మా, మీ కాలు బ్రేకు మీదే ఉంది అన్నాను. 

"ఇంకోసారి చెప్పండి సార్" అన్నారు.

ఇంకోసారి చెప్పాను.

నాకు ఆ కేసు నేర్పింది ఇంతే. కాలు ఎక్కడుందో పెట్టె చెప్తుంది. చక్రం కింద ఏముందో దానికి తెలియదు, అది మనిషి వంగి చూడాలి. చూశాక రాయాలి, ఆ వడ్లు ఎవరివైనా సరే.