ముందు గుక్కెడు నీళ్లు

మా సైకాలజీ సారు పోయారని మొన్న పొద్దున వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు మేం చదివిన బీఎడ్ కాలేజీ యజమాని. ఏడుపు గొంతుతో మొదలుపెట్టి, రెండో మాటకే ఫ్లెక్సీలో సారుకు ఏ బిరుదు వేస్తే బాగుంటుందని అడిగాడు. సారు క్లాసులకు కోతపెట్టి, ఆ గంటలన్నీ డీఎస్సీ బిట్లు బట్టీ పట్టించేవాడికి అప్పగించిన పెద్దమనిషి ఇతనే. ఏ బిరుదూ అక్కర్లేదని చెప్పి గద్వాలలో బస్సెక్కాను.

ఆ బట్టీ చదువులో మేం ఘనులం. గంట మోగితే కుక్కకు చొంగ కారే ప్రయోగాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. అంతకుమించి కుక్క సంగతీ తెలియదు, మనిషి సంగతీ తెలియదు. "కుక్క నోట్ల నీళ్లూరుడు అందరికి యాదికుంటది. మనిషి నోరెండుడు ఒక్కనికి పట్టదు" అని సారు చీదరించుకునేవారు. వైవాకు వచ్చిన ప్రతివాళ్లకూ ముందు గ్లాసుతో నీళ్లిచ్చి, తాగేదాకా కిటికీవైపు చూస్తూ కూర్చునేవారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒకాయన ఇదేం మర్యాదండీ అని నవ్వితే ఆయనకూ ఒక గ్లాసు అందించారు. వెనకాల మేమంతా 'నీళ్ల సారు' అనేవాళ్లం.

బీఎడ్ అయ్యాక యూనివర్సిటీలో సైకాలజీ ఎమ్మే చదువుతానన్నాను. లింగాల దగ్గర మా ఊళ్లో ఇంటికి వచ్చినవాళ్లంతా నవ్వారు. "పిచ్చోళ్ల సదువు సదివి పిచ్చోళ్లల్లనే కూసుంటవా?" అన్నాడు మా చిన్నాయన. కొడుకును ఇంజినీరింగులో ఏ బ్రాంచిలో చేర్చాడో పేరు కూడా పలకలేని మనిషి ఆయన. మా నాయన మాత్రం ఒక్కటే అడిగేవాడు: "నౌకరొస్తదా, రాదా? గది జెప్పు." నాకే తెలియదు. ఆయన ఒప్పుకోకపోతే నా చదువు అక్కడితో సరి. మీరొచ్చి మాట్లాడండని సారును బతిమాలాను.

ఎండాకాలం, మధ్యాహ్నం బస్సుకు సారు వచ్చారు. అంతకుముందు రోజే మా బోరు మోటరు స్టార్టరు ఎవరో ఎత్తుకుపోయారు. మా వైపు దొంగను పట్టే పద్ధతి ఒకటుంది. అనుమానం ఉన్నవాళ్లను వరసగా కూర్చోబెట్టి మంత్రించిన బియ్యం నమిలిస్తారు. ఎవరు ఉమ్మిన బియ్యం పొడిగా వస్తే వాడే దొంగ. సారు గడపలోకి వచ్చేసరికి మా జీతగాడు పొడి పిండి ఉమ్మి వణుకుతున్నాడు. నాయన చెయ్యెత్తాడు. చుట్టూ చేరినవాళ్లు ఆపకపోగా ఇంకా ఎగదోస్తున్నారు.

చిన్నాయన సారును చూసి సంబరపడ్డాడు. "సారూ, మీది మనసుల మాట జెప్పే సదువే గద! జర వీని మొకం జూసి జెప్పున్రి."

సారు ఆయనను చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు. పళ్లెంలోంచి పిడికెడు బియ్యం తీసుకుని నమిలి అరచేతిలో ఉమ్మారు. పొడి పొడిగా వచ్చింది.

"నేను గిప్పుడే బస్సు దిగిన. మీ స్టార్టరు నేనే ఎత్కవోయిన్నా? వెట్టున్రి కేసు!" అన్నారు. "ఎండకు నోరెండుతది, భయానికి గూడ ఎండుతది. దొంగతనం జెయ్యకున్నా భయమైతది. ముందుగాల వానికి గుక్కెడు నీళ్లియ్యున్రి."

ఒక్కరూ కదల్లేదు. మా అమ్మ సారు కోసం తెచ్చిన చెంబును ఆయనే తీసుకెళ్లి జీతగాడి చేతిలో పెట్టారు. జనం ఒక్కొక్కరే జారుకున్నాక నాయన అడిగాడు.

"సారూ, గీ సదువుకు నౌకరున్నదా?"

"ఉన్నదని అబద్ధమెందుకు జెప్త? రావచ్చు, రాకపోవచ్చు. నాకు తెల్వదు."

"కాలేజీలోళ్లు మస్తుమంది వచ్చిన్రు. అందరు లక్షలొస్తయన్నరు. తెల్వదన్నది మీరొక్కరే," అని నాయన నావైపు తిరిగాడు. "పో బిడ్డా, సదువుకో." జీతగాడికి మాత్రం ఒక్క మంచిమాట కూడా చెప్పలేదు. అంత పెద్ద మనసు మా నాయనకు లేదు.

సారును బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు, నీళ్ల సంగతి మీకెట్లా తట్టింది సార్ అని అడిగాను. "మా నాయిన నోరు గూడ గట్లనే ఎండింది. ఆయన్ను దొంగంటే ఊరిడిసివెట్టినం," అన్నారు. వెనకాల మేం పెట్టిన పేరు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

ఎమ్మే అయ్యాక సారు చెప్పినట్టే ఉద్యోగం వెంటనే రాలేదు. ఒక కార్పొరేట్ కాలేజీ కౌన్సెలర్‌గా పిలిచి, సీటు వదులుకుంటామనే తల్లిదండ్రుల మనసు మార్చడమే నా పని అంది. సైకాలజీని అంత నీచంగా వాడొచ్చని అక్కడే తెలిసింది. చివరికి గద్వాల దవాఖానలో కాంట్రాక్టు మీద కౌన్సెలర్‌నయ్యాను. రక్తపరీక్ష ఫలితం ఏమొస్తుందోనని హడలిపోతూ వచ్చేవాళ్లకు ముందు నీళ్లిస్తాను, తర్వాతే పేరు అడుగుతాను. ఇప్పుడు చిన్నాయన తన చిన్న బిడ్డకు ఇదే చదువులో సీటు చూడమని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. సిగ్గనేది ఆయనకు పుట్టుకతోనే లేదు.

వనపర్తి చేరి చూస్తే, వద్దన్నా ఫ్లెక్సీ కట్టారు. దాని మీద సారు ఫొటో కంటే యజమాని ఫొటోయే పెద్దగా ఉంది. ఆయన అరగంట మాట్లాడాడు, తన కాలేజీకి వచ్చిన ర్యాంకుల గురించి. ఆ తర్వాత, పాడె లేపేముందు సారు నోట్లో ఆఖరి బియ్యం పోయడానికి అందరికంటే ముందు పిడికిలి పట్టుకుని వచ్చాడు.

సారు పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"జర ఆగున్రి," అన్నాను.

పక్కనున్న నీళ్ల చెంబులో వేళ్లు ముంచి సారు పెదవులు తడిపాను. ఒక గుక్కెడు నోట్లో పోశాను. యజమాని పిడికిలితో అట్లాగే నిలబడ్డాడు. నేను పక్కకు జరిగాక బియ్యం పోశారు. కొన్ని గింజలు లోపలికి పోకుండా ఆ తడి పెదవులకే అంటుకుని ఉండిపోయాయి.