కాలితో చెరిపిన కుప్ప

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చెడుగుడు పాయింట్లు సముద్రపు గుల్లలతో లెక్కపెట్టేవారు. ఎవరు పాయింటు తెస్తే వారి పేరున ఇసుకలో ఒక గుల్ల వేయాలి. ఆట నడిపించేది మా తాతయ్య కాబట్టి గుల్లల బుట్ట నా చేతిలో ఉండేది. చివరికి ఎవరి కుప్ప పెద్దదైతే వారిని భుజాలకెత్తుకుని కెరటాల దాకా ఊరేగించేవారు. ఆ ఊరేగింపు ఎప్పుడూ మా మావయ్యదే. అది నాకే జరుగుతున్నట్టు నేను ముందు నడిచేదాన్ని.

మావయ్య జట్టులోనే మా పొరుగింటి చిన్నాన్న ఉండేవాడు. ఆయన కుప్పలో రెండో మూడో గుల్లలు, అంతే. ఆయనకి ఆట రాదని నేను నలుగురిలో అనేదాన్ని. నా నోటికి అప్పట్లో అడ్డు లేదు.

పక్క ఊరి జట్టు వచ్చిన రోజు తాతయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒసే గుంటా, ఈయేల మీ మావని సూడకు. పొరుగింటోడి కాళ్ళు సూడు. ఆడు లేకపోతే రాని పాయింటు ఎవులిదైనా, ఆడి పేరున ఇంకో గుల్ల ఎయ్. ఆటయ్యాక అందరికీ సూపిద్దాం" అన్నాడు.

విసుక్కుంటూనే చూశాను. అవతలివాడు కూతకి వస్తే చిన్నాన్న ముందుగా వెళ్ళి గీత వైపు దారి మూసేసేవాడు. వాడు తడబడి ఇంకొకరి చేతికి చిక్కేవాడు, గుల్ల ఆ పట్టినవాడికి పోయేది. మా మావయ్య కంటే ముందు తను కూతకెళ్ళి, అవతలివాళ్ళందరినీ అటూ ఇటూ పరుగెత్తించి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాడు. అలిసిపోయినవాళ్ళ మీదకి మావయ్య వెళ్ళేవాడు. ఆట సగమయ్యేసరికి ఆయన పేరున గుల్ల వేసి వేసి నా విసుగు పోయింది. చివర్లో చూస్తే చిన్నాన్న కుప్ప మావయ్య కుప్పకంటే పెద్దది.

తాతయ్య జనాన్ని పిలవబోతున్నాడు. నేను ఆ కుప్పని కాలితో చెరిపేశాను.

"ఏదే?" అన్నాడు తాతయ్య వచ్చి.

"ఎక్కువ రానేదు తాతా" అన్నాను.

తల తిప్పితే చిన్నాన్న చెంబుతో నీళ్ళు తాగుతూ నన్నే చూస్తున్నాడు. అంతా చూశాడు. చెంబు కింద పెట్టి, వెళ్ళి మా మావయ్యని భుజాన ఎత్తుకున్నాడు. ఆ రోజు ఊరేగింపులో నేను ముందు నడవలేకపోయాను.

నిజం రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే వానాకాలం వచ్చింది. ఆయన తెప్ప మీద చేపల వేటకెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. చాలాకాలం నేను ఒడ్డున గుల్లల మీద కాలు పెట్టలేదు.

ఈమధ్య కుర్రాళ్ళు బడి గోడమీద పాత ఆటగాళ్ళ పేర్లు రాస్తూ నా దగ్గరికొచ్చారు. ఆ ఆటలు చూసినవాళ్ళలో మిగిలింది నేనే. చిన్నాన్న పేరు చెబితే, రంగు డబ్బా పట్టుకున్న మా మావయ్య మనవడు అడిగాడు.

"ఆయన కూతకెళ్ళేవోడా, పట్టేవోడా మామ్మా? ఏ వరసలో రాయాల? ఎన్ని పాయింట్లు తెచ్చేడేటి?"

రెండూ చేశాడన్నాను. పాయింట్లు ఎందుకు తక్కువో చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి. మావయ్య మనవడి ముందే చెప్పాను. వాడు రంగు డబ్బా కింద పెట్టి, "మా తాతకి తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. వాడు డబ్బా అందుకుని, రెండు వరసల మధ్య ఉన్న ఖాళీలో ఆయన పేరు రాశాడు.

పేరు గోడకెక్కింది, మంచిదే. నాకు మాత్రం మనసు తేలిక పడలేదు. ఆయన నన్ను క్షమించాడో, చిన్నపిల్లని వదిలేశాడో, లోపల బాధపడ్డాడో అడిగే వీలు లేకుండా పోయింది. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరికైనా చప్పట్లు కొడుతుంటే నాకు ముందు సంతోషం రాదు. పక్కన నిలబడి తామూ చప్పట్లు కొడుతున్నవాళ్ళలో ఎవరిని వదిలేశామోనని భయం వేస్తుంది.