అత్తాకోడళ్ళ గురువారం

గుంతకల్లులో పొద్దున్నే రైలెక్కేటప్పటికే నాకు ఈరమ్మ మీద కోపం కుతకుతలాడుతోంది. ఈరమ్మ మా చెల్లెలు సుజాతకు అత్త. ఎమ్మిగనూరులో వాళ్ళది చేనేత ఇల్లు. చెల్లెలి భర్త రాఘవ ఉగాది దాటిన కొద్ది రోజులకే, మగ్గం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. అప్పటి నుంచి నేనెప్పుడు ఫోన్ చేసినా ఎత్తేది ఈరమ్మే. "పండుకోనుందప్పా" అని ఒకసారి, "నీళ్ళకు పోయింది" అని ఒకసారి. ఇంతలో వాళ్ళ వీధి మనిషి ఒకాయన నా చెవిలో వేశాడు: అత్తాకోడళ్ళు గురువారం గురువారం ఆదోని బస్సెక్కుతున్నారట, ఎక్కడికంటే మాట మారుస్తున్నారట.

ట్రెజరీలో బిల్లులు తనిఖీ చేసే ఉద్యోగం నాది. అనుమానించడానికే నాకు జీతం ఇస్తారు. ఏ దొంగ స్వామి దగ్గరికో తిప్పుతోందని, లేదంటే ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టిస్తోందని తేల్చుకున్నాను. ఎలాగైనా చెల్లెల్ని ఆ ఇంటి నుంచి తీసుకొచ్చేయాలని గురువారమే చూసి బయల్దేరాను.

రైల్లో ఎదురుగా కూర్చున్న పత్తి వ్యాపారి, "యాడికి సార్?" అన్నాడు. చెల్లెలింటికన్నాను. "ఒట్టి చేతుల్తోనే పోతాండారా?" అంటూ నా సంచి వైపు చూశాడు. నా సంచితో ఈయనకేం పని అని దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. కానీ మాట మనసులో పడింది. ఏడు దాటాక ఆదోనిలో దిగి, బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, అరటిపళ్ళు కొన్నాను. పైన పండువి పేర్చి అడుగున పచ్చివి పెట్టాడేమోనని పళ్ళన్నీ తిప్పి చూశాను. "పండ్లు కొంటాండావా, పిల్లను సూసేకి వచ్చినావా?" అన్నాడు బండివాడు.

ఎమ్మిగనూరు బస్సు గంట లోపే చేర్చింది. తలుపు తీసే ఉంది. సుజాత మగ్గం ముందు చాప మీద కూర్చుని దారాలతో ఏదో చేస్తోంది. సగం చిక్కిపోయింది. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద, వేళ్ళ నిండా బూడిద. నా ఒళ్ళు మండింది.

"ఏ స్వామి ఇచ్చాడు ఈ బూడిద?" అన్నాను.

లోపలి నుంచి ఈరమ్మ వచ్చింది. "స్వామి యాడుండాడప్పా, మా పొయ్యిలోదే. పోగు జారకుండా ఏళ్ళకు రాసుకుంటాం."

మా ఇంట్లో మగ్గం ముఖం చూసినవాళ్ళు లేరు కాబట్టి నేను నమ్మలేదు. అప్పుడు సుజాతే చెప్పింది. చీర నేసి కోసేటప్పుడు పాత పడుగు కొసలను, అంటే నిలువు పోగుల చివర్లను, మగ్గం మీదే ఉంచుతారట. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే ఆ కొసలకు మెలిపెట్టి అతికిస్తారట. రాఘవ సగంలో వదిలిన చీరను ఈరమ్మ నేసి ముగించింది. మగ్గం మీద మిగిలినవి అతను తన చేత్తో ఎక్కించిన పడుగు కొసలు.

"వాటికే అతుకుతాండానన్నా. ఒక్క పోగు తప్పినా బట్టలో తెలుస్తాది. అతికే అంతసేపూ ఇంకేమీ గుర్తుకు రాదు."

మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న పిల్లతో పని చేయిస్తోందన్నమాట అనుకున్నాను. అత్త మంచీ వేము తీపీ లేదని ఊరికే అనలేదు.

"మేం ఆదోనికి పోవాల," అంది ఈరమ్మ, నా కళ్ళలోకి చూడకుండా. "నేనూ వస్తా," అన్నాను. అత్తాకోడళ్ళు ముఖాలు చూసుకున్నారు. దొరికారు అనుకున్నాను.

వచ్చిన దారినే మళ్ళీ బస్సు. వాళ్ళిద్దరూ ఒక సీటులో, నేను వెనక సీటులో. ఈరమ్మ కొంగులో ఏదో కాగితం మడత ఉంది. దారి పొడుగునా నా చూపు దాని మీదే. ఆదోనిలో ఆటో ఎక్కాం. ఏ మఠం ముందో ఆగుతుందనుకుంటే ఆస్పత్రి ముందు ఆగింది. ఈరమ్మ కొంగు విప్పి తీసిన మడతలో రెండు ఓపీ చీటీలున్నాయి. వాళ్ళు పోయి నిలబడిన తలుపు మీద 'మానసిక వైద్యులు' అని రాసి ఉంది.

నర్సు మొదట ఈరమ్మ పేరు పిలిచింది. "తోడెవరు?"

"నేను," అంది సుజాత.

తర్వాత సుజాత పేరు. "తోడు?"

"నేనేనమ్మా," అంది ఈరమ్మ.

నర్సు నా వైపు తిరిగింది. "మీరెవరికి తోడు సార్?"

బల్ల చివర కూర్చున్నాను.

"నాకే ముందు వచ్చిందీ రోగం నాయనా," అంది ఈరమ్మ, ఇద్దరూ లోపలికి పోయి వచ్చాక నా పక్కన కూర్చుంటూ. "కొడుకు పోయినాంక కన్ను మూతపడలే. పొయ్యి మింద పాలు పెట్టి మర్సిపోతాంటి. ఆశా కార్యకర్త ఈడికి పిల్సకొచ్చింది. నాకు రొంత నిద్ర పట్టినాంక సూస్తే, ఈ పిల్ల నాకంటే అన్యాయంగా ఉండాది. మగ్గం గుంతలో దిగి ఊరికే కూసుంటాది. తిండి ల్యా, మాట ల్యా. అందుకే పోగులు సేతికిస్తి."

"నాతో ఫోన్‌లో ఎందుకు మాట్లాడనివ్వలేదు మరి?"

"నేనే వద్దన్నానన్నా," అంది సుజాత. "నీ గొంతు వింటే ఏడుపొస్తాది. నువ్వేమో ఏడవద్దు, ధైర్యంగా ఉండు అంటావు. అత్త ఏడువు అంటాది. తనూ ఏడుస్తాది."

వీధిలో ఎందుకు దాచారని అడగలేదు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నారని ఒక్క నోట పడితే చాలు, ఊరంతా పాకుతుంది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. అయినా బుద్ధి పోనిచ్చుకోక, వాళ్ళకిచ్చిన మాత్రల అట్ట తీసుకుని గడువు తేదీ చూశాను.

మధ్యాహ్నం బస్టాండులో ఈరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "పిల్లను తీసకపోదామని వచ్చినావని పొద్దున్నే తెల్సప్పా. కొడుకును పోగొట్టుకున్నా. ఇది గూడా పోతే నా సేత గాదు. అయినా దాని ఇష్టం. అడుగు."

అడుగుదామని తిరిగేసరికి ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. జనం తలుపు మీద పడ్డారు. సుజాత వాళ్ళను పట్టించుకోకుండా కిటికీ దగ్గరికి పోయి, మునివేళ్ళ మీద లేచి, లోపలికి తువ్వాలు విసిరింది. అది జారకుండా రెండు సీట్ల మీదా సరిగా పరిచింది. "అత్తా, కిటికీ పక్క నీదే, రా!" అని కేకేసింది. ఉగాది తర్వాత నేను దాని గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. నేనింకేమీ అడగలేదు.

సాయంత్రం రైలు ఆలస్యంగా వచ్చినా కూర్చోవడానికి చోటు దొరికింది. ఈ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పగలిగేది కొంచెమే. ఉగ్గాని వేడిగా ఉన్నప్పుడే తినండి. ఆ గదితో పని పడితే పొద్దున్నే పోండి, మధ్యాహ్నానికి మూసేస్తారు. తోడు దొరికితే తీసుకుపోండి, దొరక్కపోయినా పోండి. వరుసలో ఎవరూ మీ ముఖం చూడరు.

నా భార్య ఫోన్ చేసింది. "సుజాత వస్తోందా?"

"లేదు."

"ఆ ముసలామె నీకు కూడా మందు పెట్టిందా ఏం?"

"వచ్చే గురువారం కూడా సెలవు పెడుతున్నా," అన్నాను.

"ఇంకా అనుమానమేనా?"

"కొంచెం ఉంది. కానీ ఈసారి వాళ్ళకు తోడు పోతున్నా."