పడేసిన ఐదు బిందువులు

మా కంపెనీ చిన్నది. ఉపగ్రహాలు పంపే కొలతలు తీసుకుని, న్యూజీలాండ్ చుట్టూ సముద్రం రాబోయే రెండు మూడు రోజుల్లో ఎలా ఉంటుందో లెక్కగట్టి, పడవలు నడిపేవాళ్లకు పంపుతాం. అందులో నా పని వడపోత. ఉపగ్రహంలోని రాడార్ సముద్రం మీదుగా ఒక గీతలా సాగుతూ కొద్ది కిలోమీటర్లకొకసారి అలల ఎత్తు చెబుతుంది. వాన వల్లో, పక్కన నేల ఉండటం వల్లో ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధాలను ఏరి పడేయాలి.

ఆ బుధవారం ఉదయం ఎనిమిదింపావుకు జాన్సన్‌విల్‌లోని మా ఫ్లాట్‌లో, వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రాత్రి ప్రోగ్రామ్ తను చేసిందంతా రాసుకున్న లాగ్ చదువుతున్నాను. రోజూ చదువుతాను. చదవమని ఎవరూ చెప్పలేదు. ఒక వరుస దగ్గర ఆగిపోయాను. స్టీవర్ట్ ద్వీపానికి దక్షిణంగా సాగిన గీతలో వచ్చిన బిందువులు నలభై ఒకటి. వాడినవి ముప్పై ఆరు.

పక్కన పడేసిన ఐదూ తెరిచాను. ఆరు పాయింట్ రెండు మీటర్లు. ఆరున్నర. ఆరు పాయింట్ తొమ్మిది. ఏడు పాయింట్ ఒకటి. ఏడు పాయింట్ నాలుగు. అక్కడితో మా పటం అయిపోతుంది.

తప్పుడు కొలత ఇలా ఉండదు. అది గెంతుతుంది. రెండు అంటుంది, తొమ్మిది అంటుంది, మళ్లీ మూడు అంటుంది. ఇవి మెట్లెక్కినట్టు ఎక్కుతున్నాయి.

వాటిని పడేసిందెవరో వెతకనక్కర్లేదు. ఆరు మీటర్లు దాటితే తీసేయమని రాసింది నేనే. రాసింది ఇక్కడ కాదు, విశాఖపట్నంలో ఎంటెక్ చేసేటప్పుడు. తుఫాను లేని రోజున బంగాళాఖాతంలో ఆరు దాటిందంటే అది వాన చేసిన మోసమే అనుకునేవాళ్లం, మా ల్యాబ్‌లో అందరం అదే హద్దు వాడేవాళ్లం. మూడు వారాల క్రితం ఇక్కడ కొత్త ఉపగ్రహం డేటా చేర్చాల్సి వచ్చినప్పుడు ఆ పాత ఫైలు తెచ్చి అతికించాను. ఈ దక్షిణ సముద్రంలో ఏడు మీటర్లు పెద్ద వింతేమీ కాదని నాకు తెలుసు. ఫైలుకు తెలియదు.

నిన్న సాయంత్రం డునెడిన్‌లోని ఒక పడవకు రెండు మీటర్లు మించవని పంపాం. రాత్రి కొలతలు చేరాక ఆ అంకె మారాల్సింది, ఆ ఐదూ పడేయడంతో మారలేదు. ఆ పడవలో నలుగురు. వాళ్లలో ఒకడు, నేను ఈ దేశం వచ్చిన కొత్తలో డునెడిన్‌లో ఏడాదిపాటు నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న వరంగల్ అన్న. సముద్రంలో లంగరేసి ఉంచే బోయాలకు, అంటే నీటి మీద తేలే పరికరాలకు, మరమ్మతులు చేయడం ఆయన ఉద్యోగం. ఏడున్నరకు బయల్దేరి ఉంటారు.

కాగితం మీద లెక్క వేశాను. ఉపగ్రహం చూసింది రాత్రి ఒంటిగంటకు. దూరం మూడు వందల ఎనభై కిలోమీటర్లు. అలాంటి అలలు గంటకు నలభై కిలోమీటర్ల దాకా వస్తాయి. పదిన్నరకు హార్బర్ మొగ దగ్గర, అంటే సముద్రంలోంచి లోపలికొచ్చే ఇరుకు దారి దగ్గర ఉంటాయి. ఆటుపోట్ల పట్టిక చూశాను. ఆ సమయానికే హార్బర్ నీళ్లు బలంగా బయటికి లాగుతాయి. ఎదురొచ్చే అల ఆ ఇరుకులో నిటారుగా లేచి విరుగుతుంది. పడవ తిరిగి రావడానికి వేరే దారి లేదు.

మాకొక నియమం ఉంది. ఫోర్‌కాస్ట్ మారిస్తే ఇంకొకరు చూసి సరే అన్నాకే బయటికి వెళ్లాలి. ఆ ఇంకొకరు మా మేనేజర్. ఆవిడ క్రైస్ట్‌చర్చ్ విమానంలో ఉంది. నేను అన్నకు ఫోన్ చేశాను. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది.

“ఏంది తమ్మీ, పొద్దుగాల్నే? మా అమ్మకన్న నువ్వే ఎక్కువ ఫోన్ జేస్తున్నవ్.”

“అన్నా, ఎక్కడున్నారు?”

“ఎక్కడుంట, నీళ్ల మీద. గంట దాటింది. నీ ఫోర్‌కాస్ట్ మస్తుగుంది, కప్పుల కాఫీ గూడ ఒలుకుతలేదు.”

“అది తప్పన్నా. పెద్ద అలలు వస్తున్నాయి. పదిన్నరకల్లా మొగ దగ్గరుంటాయి. వెనక్కి తిరగండి.”

ఇంజిన్ చప్పుడు మీంచి గొంతు పెంచాడు.

“ఎంత పెద్దయి?”

“అక్కడ ఏడు దాటాయి. మీ దగ్గరికొచ్చేసరికి నాలుగు ఉండొచ్చు. నీళ్లు బయటికి లాగే టైమ్‌కి వస్తాయి.”

“ఆగు, స్కిప్పర్‌కిస్తున్న. సాఫ్‌గ చెప్పు. ఆయనకు నీ లెక్కలు చెప్పకు.”

పడవ నడిపే ఆ స్కిప్పర్ అరవై దాటిన కివీ. నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు.

“ఇక్కడ సముద్రం చదునుగా ఉంది. నిన్న రెండు మీటర్లంది మీరే. ఇప్పుడు మార్చిందెవరు?”

“ఇంకా ఎవరూ మార్చలేదు. నేనొక్కణ్నే చెబుతున్నాను.”

“మీ బాస్?”

“విమానంలో ఉంది.”

“అయితే నీకెంత నమ్మకం?”

“ఉపగ్రహం ఆ అలలను రాత్రే చూసింది. వాటిని తప్పనుకుని తీసేసింది నా ప్రోగ్రామే.”

“అంటే నువ్వు తప్పు చేశావు కాబట్టి నీ మాట నమ్మాలి.”

“అవును.”

లైన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

హార్బర్ కంట్రోల్‌కి ఫోన్ చేశాను, రేడియోలో చెబుతామన్నారు. ఆ హద్దు తీసేసి మోడల్ మళ్లీ నడిపాను. మొగ దగ్గర నాలుగు పాయింట్ రెండు, పది నలభైకి. తొమ్మిదిన్నరకు విమానం దిగిన మేనేజర్ అంతా చదివి ఒక్క వాక్యం పంపింది: “పంపించు, మిగతాది తర్వాత మాట్లాడదాం.” పంపించాను. వాళ్లు తిరిగారో లేదో మాత్రం తెలియదు. తిరగకపోతే ఈపాటికి బోయాను తాడేసి పైకి లాగుతుంటారు, అన్న రెయిలింగ్ మీంచి వంగి ఉంటాడు. పది దాటింది. హార్బర్‌కి మళ్లీ చేస్తే, మెసేజ్ ఇచ్చామనీ జవాబు సరిగా వినిపించలేదనీ చెప్పారు. పదిన్నర దాటింది.

పది నలభై ఐదుకు ఫోన్ మోగింది.

“లోపలికొచ్చినం,” అన్నాడు అన్న. ఆ గొంతులో ఎగతాళి లేదు. “రేడియోల గూడ చెప్పినంకనే స్కిప్పర్ పడవ తిప్పిండు. మా వెనకనే అల లేచింది తమ్మీ. జెట్టీ మీదికెళ్లి చూస్తున్న. మొగ మొత్తం తెల్లగుంది. అటు గట్టు కనిపిస్తలేదు.”

తెర మీద పది నలభై పక్కనున్న నాలుగు పాయింట్ రెండు వైపు చూశాను.

“ఉన్నవా?”

“ఉన్నానన్నా. ఎవరికీ ఏం కాలేదు కదా?”

“ఏం గాలే. శుక్రవారం మళ్ల పోవాలె, బోయా ఆడనే ఉంది గద. ఆ రోజు ఫోర్‌కాస్ట్ చూసేది నువ్వేనా అని స్కిప్పర్ అడగమన్నడు.”

అతను అడిగింది భరోసాతోనో భయంతోనో అన్న గొంతును బట్టి తెలియలేదు. నేనూ అడగలేదు.

“నేనూ చూస్తాను,” అన్నాను. “నా తర్వాత ఇంకొకరు చూస్తారు. అప్పుడే పంపుతాం అని చెప్పండి.”