దగ్గితే దొరికే గుడ్డు

మొన్న ఆదివారం మా కోడలు నన్నూ మనవరాలినీ నారపల్లి దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన పిల్లల పార్కుకు తీసుకుపోయింది. గేటు దగ్గరే ఒకమ్మాయి ఆరేళ్ళ మా పిల్ల మెడలో ప్లాస్టిక్ తాబేలు ఒకటి వేలాడదీసి, పార్కంతా దాచిన ఏడు రాక్షసబల్లి గుడ్లను వెతికి పట్టుకోవాలని చెప్పినప్పుడు, ఈ కాలంలో కూడా పిల్లలను చెట్టూ పుట్టా వెతకమనే వాళ్ళున్నారే అని నిజంగానే సంతోషించాను. ఆ సంతోషం పది నిమిషాలు నిలవలేదు. గుడ్డు దూరంగా ఉంటే ఆ తాబేలు మెల్లగా కూస్తుంది, దగ్గరికి పోయేకొద్దీ గబగబా కూస్తుంది, పక్కకు రాగానే దాని వీపు మీద పచ్చ దీపం వెలుగుతుంది. పిల్ల కళ్ళు తాబేలు మీదే గానీ చెట్టును చూసింది లేదు, రాయిని చూసింది లేదు. ఏడు గుడ్లూ దొరికాయి, దొరకక ఎక్కడికి పోతాయి! మెడలో పతకం వేశారు, వెనక వచ్చిన పిల్లలందరికీ అదే పతకం వేశారు, కోడలు అంతా ఫోనులో తీసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ తాబేలును ఊడదీసి, ఇచ్చిన అమ్మాయి మొహానే విసిరి కొట్టబోతే కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏందత్తమ్మా, పిల్లలాటకు గింత కోపమా?" అంది.

కోడలికి చెప్పలేదు గానీ, నా ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. ఆ కూత నేను విన్నదే. అది మా మేనత్త దగ్గు.

మా నాయన జనగామ వైపు పల్లె నుంచి వచ్చి నాచారంలో నూలు మిల్లులో చేరాడు. ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త, కూడా అదే మిల్లులో పనిచేసేది, మా గదికి రెండు గదుల అవతలే ఉండేది. మిల్లు గోడ వెనక రేకుల కప్పు వేసిన చిన్న చర్చి మాది, అందులో ఆదివారం బడి నడిపేది అత్తే. ఈస్టరు మర్నాడు పిల్లలకు ఒక ఆట ఉండేది, దానికి మేం దేవులాట అని పేరు పెట్టుకున్నాం, వెతకడాన్ని మా వైపు దేవులాడటం అనే అంటాం కాబట్టి. ఉల్లిపొట్టు వేసి ఉడికించిన గుడ్లను అత్త పొద్దున్నే వచ్చి ఇటుకల సందుల్లో, నీళ్ళ తొట్టి కింద, కట్టెల మోపులో, చివరికి పెద్దవాళ్ళు గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో కూడా దాచేది. వాటిలో ఒక్కటే బీట్‌రూట్ రసంలో ముంచిన ఎర్రగుడ్డు. అది దొరికిన వాళ్ళకు ఏడాది పొడవునా చర్చి గంట కొట్టే హక్కు. గంటంటే నిజం గంట కాదు, వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క, అయినా దాని చప్పుడుకు వాడ వాడంతా తయారై బయలుదేరేది. నా చేతిలో ఇనుప చువ్వ ఉండాలి, నేను కొడితే పెద్దవాళ్ళందరూ కదిలి రావాలి, ఆ వయసులో నాకు అంతకంటే పెద్ద ఆశ లేదు.

పదేళ్ళు దాటితే ఆటలో చేర్చుకునేవారు కాదు. నా ఎనిమిదో ఏటా, తొమ్మిదో ఏటా ఎర్రగుడ్డు బావకే దొరికింది. బావంటే అత్త కొడుకు, నా ఈడువాడే, మెతక మనిషి, నిలబడ్డ చోటే నిలబడి దిక్కులు చూసే రకం. నేను మోకాళ్ళు గీరుకుపోయేట్టు పాకి అరడజను మామూలు గుడ్లు ఏరుకుంటే, అతను తాపీగా నడిచిపోయి ఎర్రదాన్ని పట్టుకొచ్చేవాడు. పదో ఏట, అదే నాకు ఆఖరి అవకాశం, నేను గుడ్లను వదిలేసి అత్తను చూశాను. బావ తొట్టి వైపు పోతే అత్త మాట్లాడలేదు. కట్టెల మోపు వైపు తిరిగాడు, అత్త దగ్గింది. దగ్గరికి పోయేకొద్దీ దగ్గు గబగబా వచ్చింది. అతను వంగి చెయ్యి పెట్టాక ఆగిపోయింది.

"అత్తమ్మ దగ్గితెనే బావకు దొరుకుతుంది! నేను సూసిన!" అని అందరి ముందూ అరిచాను.

అత్త కొంగుతో మూతి తుడుచుకుని, "మిల్లు దూది బిడ్డా, దగ్గు రాక ఇంకేమొస్తది?" అంది. దూది దగ్గు లేని ఇల్లు ఆ వాడలో లేదు కనుక అందరూ నవ్వారు. నాయన నా చెవి మెలేసి క్షమాపణ చెప్పించాడు. ఆ ఏడంతా గంట బావే కొట్టాడు, అదీ సగం ఆదివారాలు ఆలస్యంగా.

ఆ కోపం నేను పోనివ్వలేదు. వయసొచ్చాక బావకే నన్నివ్వాలని పెద్దలు మాట్లాడుకుంటే, గుడ్డు కూడా సొంతంగా దేవులాడుకోలేని వాడు నాకొద్దని మొహం మీదే చెప్పాను, అత్త గడప తొక్కడం మానేశాను. చాలా ఏళ్ళకు ఆమె దవాఖానాలో చివరి రోజుల్లో ఉందని నాయన బలవంతం మీద పోయాను. మంచం పక్కన నిలబడితే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిగ దేవులాడేదానివి బిడ్డా, నీకెవ్వరు జెప్పాల్సిన పనిలేకుండె. వాడికి రాకపోయేది," అంది. ఒప్పుకుంది కదా అని నా మనసు కరగలేదు. వెతకడం వచ్చిన పాపానికి నా గంట పోయిందా అని ఇంకా మండింది. చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చేశాను, మళ్ళీ పోలేదు.

పార్కు నుంచి వచ్చిన మర్నాడు బోడుప్పల్‌లోని మా ఫ్లాటులో, ఉల్లిపొట్టు వేసి ఆరు గుడ్లూ, బీట్‌రూట్ వేసి ఒకటీ ఉడికించి, మనవరాలికి అసలు ఆటేమిటో చూపిద్దామని పంతం కొద్దీ ఇల్లంతా దాచాను. పిల్ల హాలు మధ్యలో నిలబడింది. కదలదు.

"నానమ్మా, సౌండ్ వస్తలేదు," అంది.

"సౌండ్ లేదు, గీండ్ లేదు. కండ్లతోటి దేవులాడు."

సోఫా కింద చూసింది, తలుపు వెనక చూసింది, ఏమీ లేదు. నాకు రాదు నానమ్మా అని కళ్ళ నిండా నీళ్ళతో నా వైపు తిరిగింది. నేను రాయిలా కూర్చున్నాను. అది ముక్కు ఎగబీలుస్తూ చెప్పుల స్టాండు పక్కగా పోతోంది, ఎర్రగుడ్డు అక్కడే నా పాత చెప్పులో ఉంది. దాటిపోతోంది. నేను దగ్గాను.

పిల్ల ఆగింది. ఇంకోసారి దగ్గాను. వెనక్కి ఒక అడుగు వేసింది. గబగబా దగ్గాను. గుడ్డు చేతికి రాగానే ఎగిరి గంతేసి, "నేనే దేవులాడిన! నేనే!" అంది. అవును బిడ్డా, నువ్వే అన్నాను.

నూలు మిల్లు మూతపడి చాలా కాలమైంది, ఆ చోట అపార్టుమెంట్లు లేచాయి. చర్చికి స్లాబు పడింది, వేపచెట్టు పోయింది, గంట ఇప్పుడు స్విచ్చి నొక్కితే మైకులో మోగుతుంది, దానికోసం ఏ పిల్లా మోకాళ్ళు గీరుకోనక్కర్లేదు. ఆ రైలుపట్టా మీద ఒక్క దెబ్బ కొట్టకుండానే నాకు అరవై దాటాయి. అత్తను క్షమించానని అబద్ధమాడను, ఆ మంట నాతోనే పోతుంది. కానీ ఆ సాయంత్రం గుడ్డు పెంకు ఒలుస్తూ కోడలు, "అత్తమ్మా, దగ్గు మందు తేవాల్నా?" అని అడిగితే, మిల్లు దూది అని కూడా చెప్పుకోలేక తల వంచుకున్నాను.