మహిళల గంట చూడటానికి ఆదిలాబాద్ దాకా

పోయిన ఎండాకాలం మా బడి పిల్ల ఒకతి కాలువ గట్టున కాళ్లు కడుక్కోబోయి నీళ్లలోకి జారిపోయింది. కరీంనగర్‌లో మా వీధి చివర బట్టలు కుట్టే షాహీన్ ఆ వేళకు అక్కడే ఉంది. చున్నీ తీసి విసిరింది, అందలేదు. అటుగా పోతున్న లారీ డ్రైవర్ దూకి బయటికి తీశాడు కాబట్టి పిల్ల బతికింది. షాహీన్ మాత్రం కుదుటపడలేదు. "నాకు ఈత వస్తే గట్ల నిలబడి సూస్తుంటినా, టీచర్" అని ఎన్నిసార్లు అన్నదో. నేను ప్రభుత్వ బాలికల పాఠశాలలో వ్యాయామం నేర్పుతాను. నాకు ఈత వచ్చు గానీ, ఆమె ధైర్యంగా దిగగలిగే చోటు నాకు దొరకలేదు.

అందుకే నగరంలో కొత్త ఈతకొలను కడతారనీ, ప్లాన్ చూసి ఎవరైనా సలహా చెప్పవచ్చనీ తెలియగానే ఇద్దరం ఆ సమావేశానికి వెళ్లాం. పోటీలకు పనికొచ్చే లోతైన కొలను, దాని చుట్టూ మూడు వైపులా ప్రేక్షకులు కూర్చునే మెట్లు. షాహీన్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "గిండ్ల నేనేడ నిలబడాలె, సార్?" అని అడిగింది. ప్లాన్ చూపిస్తున్న ఇంజనీరు విసుక్కోలేదు. "ఆడోళ్లకు రోజూ ఒక గంట పెడతం అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. సోమవారం మళ్లీ సమావేశం, ఆ తర్వాత ప్లాన్ ఖాయం చేస్తారట. నా మనసు నిలవలేదు. ఆదిలాబాద్‌లో ఒక ట్రస్టు నడిపే కొలనులో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అలాంటి గంటే ఉందని అక్కడ పనిచేసి వచ్చిన టీచర్ చెప్పింది. సమావేశానికి ముందే దాన్ని కళ్లతో చూసి రావాలనుకున్నాం.

"ఐతారం ప్రార్థన ఇడిసిపెట్టి గంత దూరం పోతరా" అని మా అవ్వ గొణిగింది. అయినా పులిహోర కట్టి ఇచ్చింది. తెల్లవారకముందే బస్టాండ్‌లో జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆదిలాబాద్‌కు నేరుగా వెళ్లే బస్సు కోసం కాచుకోవడం కన్నా జగిత్యాల, ఆర్మూర్, నిర్మల్‌లలో మారుతూ పోవడమే నయం. ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు కాబట్టి ప్రయాణానికి పెద్దగా ఖర్చు కాలేదు. మెట్‌పల్లి దాటాక రోడ్డు పక్కన కళ్లాల్లో పసుపు ఆరబోసి ఉంది, బస్సంతా ఆ వాసనే. షాహీన్ దేన్నీ చూడటం లేదు. నిర్మల్‌లో ఎక్కిన బస్సు ఘాట్ మలుపుల్లో నెమ్మదించేసరికి లేచి కండక్టర్ దగ్గరికి వెళ్లింది. "అన్నా, మూడింటి లోపట పోతమా?" "జర కూసో అక్కా. నువ్వు నిలబడితే బస్సు ఉరుకుతదా" అన్నాడు అతను. కూర్చుంది గానీ కాలు ఊపుతూనే ఉంది.

మధ్యాహ్నానికి చేరాం. బస్టాండ్ నుంచి షేర్ ఆటో పట్టుకుని వెళ్లేసరికి కొలను గేటు ఇంకా తీయలేదు. గోడ నీడలో పులిహోర తిన్నాం. ఆడవాళ్లకు ఈత నేర్పే మంగళ తాళంచెవితో వచ్చింది. యాభై దాటిన మనిషి, మాటలో మరాఠీ యాస. "రా తాయీ, కొత్తోళ్లు వస్తే నాకు సంతోషం" అంది. నూలు బట్టలతో దిగనివ్వరని చెప్పి, షాహీన్‌కు పూర్తి చేతులున్న నైలాన్ డ్రెస్సు ఇచ్చింది. ఆ గంటకు వచ్చినవాళ్లు మేం కాక ముగ్గురే.

షాహీన్ కొలనులోకి మెట్లు దిగి, కడ్డీ పట్టుకుని, రొమ్ము లోతు నీళ్లలో నిలబడి నవ్వింది. రెండడుగులు వేసిందో లేదో కింద నేల లోతుకు వాలిపోయింది. తల మునిగింది. నేను దూకేలోపే మంగళ ఆమెను వెనక నుంచి పట్టి పైకెత్తింది. షాహీన్ దగ్గి దగ్గి ఊపిరి తీసుకుంది. ఇక చాలంటుందేమో అనుకున్నాను. కళ్లు తుడుచుకుని, "మల్ల సూపియ్యి, కాళ్లు ఎట్ల కొట్టాలె" అంది.

అరగంట గడిచిందో లేదో, తర్వాతి బ్యాచ్ మగవాళ్లు వచ్చి, అక్కడా కొలను పక్కనే ఉన్న ప్రేక్షకుల మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరు ఫోన్ చూసుకుంటున్నారు, ఒకరు బూట్లు విప్పుకుంటున్నారు. మిగతా ముగ్గురు ఆడవాళ్లు మాత్రం ఒడ్డెక్కి, తువ్వాళ్లు చుట్టుకుని వెళ్లిపోయారు. నేను వెళ్లి, ఇంకా మా సమయమే కదా, కాసేపు బయట ఉండమని అడిగాను. "మేమేమన్నం మేడమ్, కూసున్నం గంతే" అని ఒకతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మొదట్ల నలభై మంది వస్తుండె తాయీ. గీ మెట్లు సూసి ఒక్కొక్కలు బందైండ్రు. నేను అడిగి అడిగి యాష్ట పడ్డ" అంది మంగళ. షాహీన్ నీళ్లలోంచి బయటికి రాలేదు. మెట్ల వైపు వీపు పెట్టి, గంట అయిపోయేదాకా కడ్డీ పట్టుకుని కాళ్లు కొడుతూనే ఉంది. బయటికి వచ్చేటప్పుడు మంగళ, నేను దుప్పటి అడ్డం పట్టాం.

సోమవారం సమావేశంలో నేను మాట్లాడదామని లేచేలోపే ఆమె ప్లాన్ దగ్గరికి వెళ్లి నిలబడింది. "గంట ఇస్తే సరిపోదు సార్. గీ మెట్లు ఉన్నన్ని దినాలు మేము రాము. కింద నేల గట్ల జారితే వచ్చినోళ్లు గూడ మునుగుతరు. నేను నిన్న మునిగిన" అంది. ఇంజనీరు పెన్సిల్ తీసి రెండు వైపుల మెట్లు కొట్టేశాడు. ఒక మూల సమతలంగా ఉండే చిన్న కొలను, దాని చుట్టూ గోడ గీశాడు. మూడో వైపు మెట్లు పోటీల కోసం ఉండాల్సిందేనన్నాడు. ఖర్చు పెరుగుతుంది, పైవాళ్లు ఒప్పుకోవాలి అని కూడా చెప్పాడు. ఆ ఒప్పుకోలు ఇంకా రాలేదు.

నాకింకా మనసు కుదుటపడలేదు. ఎన్నో ఏళ్లుగా ఆటస్థలాలు చూస్తున్నాను, కొలతలు బాగుంటే చాలనుకునేదాన్ని. ఒక చోటు ఎవరి కోసం కట్టారో, వాళ్లు అందులో ఎంతసేపు ఉండగలుగుతున్నారో చూస్తే గానీ తెలియదని ఆదిలాబాద్‌లో అర్థమైంది. షాహీన్ నెలకు రెండు ఆదివారాలు మంగళ దగ్గరికి వెళ్తోంది. కడ్డీ వదిలి నాలుగు బారలు ఈదుతోందట. మీరూ ఎక్కడైనా మహిళల గంటకు వెళ్లాలనుకుంటే, ముందు ఫోన్ చేసి వేళ కనుక్కోండి, నైలాన్ బట్టలు తీసుకెళ్లండి, వీలైతే నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఎక్కువ మంది నీళ్లలో ఉంటే, ముందు ఒడ్డెక్కాలని ఎవరికీ అనిపించదు.